మా వదిన అందించిన జవాబులు

ఒకప్పుడు మా వదిన దగ్గర ట్యూషన్ చదివి పరీక్ష తప్పినవాళ్లు లేరు. మా వదిన కదా అని గొప్పలు చెప్పడం లేదు. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆ హోదాలో నేను ఆవిణ్ణి సూటిపోటి మాటలన్నదాన్నే తప్ప మెచ్చుకున్న పాపాన పోలేదు. అయినా నిజం నిజమే. లెక్కలంటే జ్వరం తెచ్చుకునే పిల్లలు, ఒకే తరగతిలో ఏళ్లతరబడి పాతుకుపోయిన పిల్లలు, కన్నవాళ్లే నీళ్లొదిలేసుకున్న పిల్లలు అందరూ ఆవిడ ముందుగదిలో చాప మీద కూర్చుని గట్టెక్కినవాళ్లే. వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. 'పాసు టీచరు' ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

ఆ పాసు వెనక పెద్ద రహస్యమేమీ లేదు. బట్టీ. ప్రశ్న తనే అడుగుతుంది, జవాబు తనే చెబుతుంది, అదే జవాబు పిల్లల నోటితో అరిగిపోయేదాకా చెప్పిస్తుంది. మర్నాడు మళ్లీ అడుగుతుంది. ఎదుటివాడు నోరు తెరిచి ఒక్క క్షణం తడబడ్డాడంటే చాలు, ఆవిడ పెదవులు వాటంతటవే కదిలి మొదటి అక్షరం అందించేస్తాయి. "ఒక్కసారి తప్పు చెప్పారంటే ఆ తప్పే నాలిక్కి అతుక్కుపోతుంది. రానివ్వకూడదు," అనేది. అలాగని పరీక్ష హాల్లో చీటీలు, చూచిరాతలు అంటే ఒళ్లుమంట. ఒకమ్మాయి చీటీ పెట్టుకెళ్లిందని తెలిసి, వాళ్లమ్మ వచ్చి కాళ్లావేళ్లా పడ్డా మళ్లీ గడప తొక్కనివ్వలేదు. బట్టీ పట్టించడం కష్టపడి పని చెయ్యడం, కాపీ కొట్టడం దొంగతనం. ఆ రెండిటి మధ్యా గీత ఆవిడకి అంత స్పష్టంగా ఉండేది.

మా అన్నయ్యది దీనికి సరిగ్గా ఎదురు దారి. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేవాడు. పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చుని, నేర్చుకునేవాళ్లు గేరు తప్పు వేస్తుంటే చూస్తూ ఊరుకునేవాడు. బండి గుర్రుమని నడిరోడ్డు మీద ఆగిపోతే, "ఆఁ, ఇప్పుడు తెలిసిందా? మళ్లీ స్టార్ట్ చెయ్యండి," అనేవాడు. వెనకనుంచి బస్సులు హారన్లు మోగించి చంపుతున్నా చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

"మీ టీచరుగారి దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటే స్టీరింగ్ కూడా ఆవిడే తిప్పేస్తుంది," అనేవాడు నాతో, వదిన వినేలా.

"మీ దగ్గర లెక్కలు నేర్చుకుంటే పిల్లలు వెళ్లి గోడకి గుద్దుకుంటారు," అనేది వదిన చపాతీ కర్ర చూపిస్తూ.

వాళ్లకి పిల్లల్లేరు. ఆ లోటు గురించి వాళ్లు మాట్లాడుకోగా నేను వినలేదు. సాయంత్రమైతే ముందుగదినిండా ఎక్కాలూ పద్యాలూ హోరెత్తుతుంటే, అన్నయ్య వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ పిల్లల గొంతులతో తనూ ఎక్కాలు తప్పుతప్పుగా చదివేవాడు, వదినకి కోపం తెప్పించడానికి. రెండు వీధుల అవతల నాదొక లాండ్రీ కొట్టు. మరకలు పోలేదని తగువుకొచ్చే జనంతో వేగి వేగి నా నోరు కాస్త పెద్దదయింది. అన్నయ్య నన్ను 'టపాకాయ్' అనేవాడు. మొగుడి దగ్గర పట్టుకుని వదినా అదే పిలుపు పిలిచేది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నయ్య భోజనానికి ఇంటికొచ్చాడు. సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ, "ఏమోయ్, తల్లో ఏదో టప్పుమంది," అన్నాడట.

"ఉన్న ఒక్క స్క్రూ కూడా ఊడిందేమో చూసుకోండి," అంది వదిన, చారు కలుపుతూ.

ఆ మాట అన్నందుకు ఆవిడ తర్వాత ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. అన్నయ్య గోడ పట్టుకుని అలాగే జారి కింద కూర్చున్నాడు. ఇలాంటి తలనొప్పి జన్మలో ఎరగనన్నాడు. వాంతి చేసుకున్నాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు కూడా చూడలేక మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వదిన నాకు ఫోన్ చేసింది. కొట్టు తలుపు వేశానో లేదో కూడా గుర్తులేదు, పరిగెత్తాను. అంబులెన్సులో కూడా మనిషికి తెలివుంది. "టపాకాయ్, నువ్వు ఇక్కడ పేలకే తల్లీ, అసలే తల పగిలిపోతోంది," అన్నాడు. నేను ఏడుస్తూ నవ్వాను.

మెదడు డాక్టరు సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. మెదడులో ఒక రక్తనాళం గోడ పలచబడి, బుడగలా ఉబ్బి, చిట్లింది. ఆ రక్తం మెదడు చుట్టూ చిందింది. తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపించి, ఆ బుడగలోకి మెత్తని తీగచుట్ట నింపి మూసేస్తారు. ఆ పని ఆ సాయంత్రమే అయిపోయింది, బాగానే అయింది.

"ఇలా చిట్లినవాళ్లలో కొందరు ఆసుపత్రి దాకా కూడా రారు. మీవారు మాట్లాడుతూ వచ్చారు. వచ్చినప్పుడు మనిషి ఎంత తెలివిలో ఉన్నాడో, దాన్నిబట్టే ముందు సంగతి చాలావరకు అంచనా కడతాం. ఆ లెక్కన మీవారి అంచనా బాగానే ఉంది. ఇలాగే ఉంటే మళ్లీ కారెక్కి పాఠాలు చెప్పినా ఆశ్చర్యం లేదు," అన్నాడు డాక్టరు.

మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. వదిన చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"కానీ గండం గడవలేదమ్మా. చిందిన రక్తం వల్ల చుట్టుపక్కల నాళాలు రెండు వారాల దాకా ఎప్పుడైనా ముడుచుకోవచ్చు. ముడుచుకుంటే ఆ భాగానికి రక్తం అందదు. యంత్రాలతో చూస్తుంటాం. అయినా చాలాసార్లు అన్నిటికన్నా ముందు బయటపడేది మాటలోనే. మనిషి కాస్త తికమక పడతాడు. అందుకే రోజూ అవే ప్రశ్నలు అడుగుతుంటాం."

వదిన ముందుకి వంగింది. "ఏవేవి ప్రశ్నలు డాక్టరుగారూ?"

"ఏముందమ్మా, చిన్నవే. పేరేంటి, ఎక్కడున్నారు, ఏ నెల, ఏ వారం. రెండు వేళ్లు చూపించమంటాం, చేతులెత్తమంటాం."

"సరిగ్గా చెబితే?"

"చెబుతున్నంతకాలం మంచిదే."

"తప్పితే?"

"తప్పితే వెంటనే స్కాన్. కావాలంటే మళ్లీ లోపలికి తీసుకెళ్తాం."

ప్రశ్నపత్రం ముందే చేతికొచ్చినట్టు వదిన ముఖం కుదుటపడింది. పోనీలే, ధైర్యం తెచ్చుకుంది అనుకున్నాను నేను. అక్కడ ఆవిడ విన్నది వేరు, డాక్టరు చెప్పింది వేరు. జవాబులు తప్పితే జబ్బు ముదిరినట్టు తెలుస్తుందని ఆయన చెప్పాడు. జవాబులు తప్పకుండా చూసుకుంటే జబ్బు ముదరదని ఆవిడ విన్నది. జీవితమంతా ఆవిడ బతికిన లెక్క అదే కదా. పిల్లాడికి పాఠం అర్థమైందా లేదా ఎవరికి కావాలి, జవాబు సరిగ్గా ఉంటే పై తరగతికి పంపిస్తారు.

దానికితోడు పక్కమంచం మనిషి ఒకాయన. పెద్దవాడు, ఆయనదీ ఇదే జబ్బు. ఒక పొద్దున డాక్టరు ఏ నెలండీ అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి మా పెళ్లి నెల అన్నాడట. అప్పటికప్పుడు మంచంతో సహా తోసుకెళ్లారు. మంచం తిరిగొచ్చింది, మనిషి రాలేదు. వదిన ఈ సంగతి నాకు వరండాలో మంచినీళ్ల ఫిల్టరు దగ్గర చెప్పింది. గ్లాసు నిండి కారిపోతున్నా చూసుకోలేదు.

"తప్పు చెప్పాడు టపాకాయ్. అంతే, తీసుకెళ్లిపోయారు."

"తప్పు చెప్పాడని తీసుకెళ్లలేదు వదినా, జబ్బు ముదిరిందని తీసుకెళ్లారు," అన్నాను.

"అదేలే," అంది. ఆ 'అదేలే' వెనక ఏముందో నాకెలా తెలుస్తుంది?

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. ఒక్కరినే ఉండనిచ్చేవాళ్లు, ఉండేది వదిన. నేను కొట్టు చూసుకుని సాయంత్రాలు వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. కొంత నర్సమ్మ చెప్పింది, చాలావరకు వదినే చెప్పింది, ఏదీ దాచకుండా.

రోజూ పొద్దున్నే డాక్టర్లు వచ్చేలోగా వదిన అన్నయ్యకి తడిగుడ్డతో ముఖం తుడిచి, తల దువ్వి, పాఠం మొదలుపెట్టేది. "ఇవాళేం వారం? గురువారం. చెప్పండి, గురువారం." మొదట్లో అన్నయ్యకి ఇవన్నీ వచ్చు. "టీచరుగారూ, ఫీజు కట్టలేదు, నాకెందుకండీ ఈ శ్రద్ధ," అని వెక్కిరించేవాడు. డాక్టరు అడిగితే టకటకా చెప్పేవాడు. నర్సమ్మ కూడా నవ్వుతూ ఫస్టు క్లాసు అనేది.

ఒక పొద్దున ఎక్కడున్నారండీ అని వదిన అడిగితే, అన్నయ్య ఆవిడవంక కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "స్కూల్లో. అద్దం సరిచేసుకోండి, వెనక బస్సొస్తోంది," అన్నాడు.

అప్పుడు లేచి నర్సమ్మని పిలిచి ఉంటే! నాలుగడుగుల దూరంలో ఉంది ఆ మహాతల్లి, సెలైను బాటిలు మారుస్తూ. వదిన చుట్టూ చూసింది, ఎవరూ వినలేదు. వరండాలో డాక్టర్ల చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. పక్కన ఆ ఖాళీ మంచం తెల్లదుప్పటి పరుచుకుని కూర్చుంది. తప్పు చెబితే తీసుకెళ్లిపోతారు. ఆవిడకి తెలిసిన పని ఒక్కటే, ఆ పనే చేసింది.

"స్కూలు కాదండీ, ఆసుపత్రి. ఆసుపత్రి. చెప్పండి. ఆ..."

"ఆసుపత్రి," అన్నాడు అన్నయ్య.

"మళ్లీ."

"ఆసుపత్రి."

నుదుటికి చెమటపట్టేదాకా చెప్పించింది. డాక్టరు వచ్చి అడిగాడు. అన్నయ్య డాక్టరు ముఖం చూడలేదు, ఆయన భుజం మీదుగా వెనక నిలబడ్డ వదిన పెదవులు చూశాడు. ఆ పెదవులు కదిలాయి. అన్నీ సరైన జవాబులే. వేళ్లు చూపించాడు, చేతులెత్తాడు. డాక్టరు తల పంకించాడు. నర్సమ్మకి మాత్రం ఏదో అనుమానమొచ్చి, "మీరు అందించకండమ్మా," అందట.

"నేనేం అందించాను? రివిజన్ చేయించాను," అంది వదిన. కాపీ కొట్టించే మనిషినా నేను అన్నట్టు చాలా నొచ్చుకుంది కూడా.

ఆ మర్నాడూ అంతే. ఈసారి పాఠం ఇంకా ముందే మొదలుపెట్టింది, ఎందుకంటే అన్నయ్యకి వారం పేరు చెప్పిన మరునిమిషానికే జారిపోతోంది. ఆ రోజు డాక్టరు సంతోషంగా వదినతో, "రోజూ ఇంత స్పష్టంగా చెబుతున్నారంటే చాలా మంచి సూచన. ఇక ఐసీయూలో ఉండక్కర్లేదు, వార్డుకి పంపిస్తాను. నా అంచనా ఇంకా పెంచుకోవచ్చు," అన్నాడు. వదిన నాకు ఫోన్ చేసి "పాసయ్యారు టపాకాయ్!" అని ఏడ్చింది. నేను కొట్లో ఉన్నవాళ్లందరికీ బిస్కెట్లు పంచాను. మరక పోలేదని తగువుకొచ్చిన ఒకావిడకి కూడా రెండు పెట్టాను.

మర్నాడు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు పట్టుకుని పొద్దున్నే వార్డుకి వెళ్లాను. అన్నయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. వదిన పాలగ్లాసు అందిస్తోంది. కుడిచేత్తో పట్టుకోబోయాడు. వేళ్లు గ్లాసుని ముట్టుకున్నాయి గానీ పట్టుకోలేదు. పాలన్నీ ఒళ్లో పడ్డాయి. "అయ్యో, కాలిందా అన్నయ్యా?" అన్నాను. నావైపు తిరిగాడు. మూతి ఒక పక్కకి జారి ఉంది. ఏదో చెప్పాడు, మాటలే, కానీ ఒకదానికొకటి సంబంధం లేదు. తలుపు, గేరు, నీళ్లు, తలుపు.

నేను అరిచిన అరుపుకి వార్డంతా లేచింది. డాక్టరు వచ్చాడు. చెయ్యి ఎత్తి వదిలాడు, కళ్లలోకి లైటు వేశాడు. తర్వాత మావైపు తిరిగి, "ఎప్పట్నుంచి ఇలా? నిన్న బాగానే చెప్పారుగా? నిన్నంతా బాగుండి ఇప్పుడే మొదలైతే ఒక దారి, ముందునుంచే ఉంటే ఇంకో దారి. సరిగ్గా చెప్పండి, దీన్నిబట్టే చెయ్యాలి," అన్నాడు.

వదిన పాలు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అది మాత్రం నేను ఒప్పుకుంటాను, తెలిసేది కాదు.

"నిన్న బాగా చెప్పలేదు డాక్టరుగారూ," అంది. "మొన్న కూడా. నేనే చెప్పించాను."

డాక్టరు కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. "స్కాన్‌కి తీసుకెళ్లండి," అన్నాడు నర్సులతో. మంచం తోసుకెళ్లిపోయారు.

ఆయన వెయ్యని కేకలన్నీ నేను వేశాను. వరండా అని లేదు, ఆసుపత్రి అని లేదు. "జ్వరం చూసే గొట్టాన్ని చల్లనీళ్లలో ముంచి జ్వరం తగ్గిందని సంబరపడతారా ఎవరైనా? నీకు బుద్ధుందా? నువ్వు పాస్ చేయించింది మా అన్నయ్యని కాదు, ఆ మాయదారి జబ్బుని!" అన్నాను. వదిన గోడకి ఆనుకుని, నేల చూస్తూ, అన్నీ విన్నది. ఎదురు చెప్పి ఉంటే నా కోపం అక్కడే సగం చల్లారేదేమో.

మళ్లీ గొట్టం పంపించి, ముడుచుకున్న నాళాల్లోకి మందు వదిలారు. ఆ నాళాల్లోంచి రక్తం అందడానికని రక్తపోటు కావాలనే పెంచారు. ప్రాణానికి భయం లేదన్నారు. కాలు మెల్లిగా తిరిగొచ్చింది, నడుస్తాడు. కుడిచెయ్యి సగమే వచ్చింది. మాట మాత్రం ఎడమవైపు మెదడులో చచ్చిపోయిన ఆ కాస్త చోటుతో పాటు పోయింది. ఏవో పదాలున్నాయి, అవి కూడా పిలిస్తే రావు, పిలవనప్పుడు వస్తాయి.

ఇంటికి పంపించే రోజున నేను డాక్టర్ని పట్టుకున్నాను. "ముందే తెలిసుంటే ఇలా కాకపోయేదా?" అని వదిన ఎదుటే అడిగాను. అవునని ఆయన నోటివెంట రావాలని అడిగాను, అబద్ధమెందుకు.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తెలిసుంటే ముందే మొదలుపెట్టేవాళ్లం. మారి ఉండొచ్చు. అన్నీ చేసినా ఇలాగే అయినవాళ్లు కూడా ఉన్నారు. రాబోయేది చెప్పడానికే మా దగ్గర సవాలక్ష లెక్కలున్నాయి, అవే సగం తప్పుతాయి. అలా చేసుంటే ఏమయ్యేదో చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదమ్మా."

నీ వల్లే అంటే ఆవిడ ఆ మాట మోసుకుని బతికేది. నీ వల్ల కాదంటే కాస్త ఊపిరి పీల్చుకునేది. రెండూ దక్కలేదు. సంవత్సరం దాకా మాట ఎంతోకొంత బాగుపడుతూ ఉంటుందని, ఎంతన్నది మాత్రం తనిక చెప్పలేనని అన్నాడు డాక్టరు. వదిన ఇంకేం ప్రశ్నలు అడగలేదు.

తర్వాత నేను వదినతో మాట్లాడటం మానేశాను. అన్నయ్యని చూడటానికి వెళ్లేదాన్ని గానీ, చెప్పాల్సినవన్నీ గోడకి చెప్పేదాన్ని. "ఈ చొక్కాకి గంజి తక్కువ పెట్టాను, ఇది వెయ్యమను," అని గోడతో అంటే, మర్నాడు అన్నయ్య ఒంటిమీద ఆ చొక్కా ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆవిడ ఇప్పుడెంత సేవ చేసినా నా మనసు కరగలేదు.

ట్యూషన్ కొన్నాళ్లు సాగింది. కానీ పాత టీచరు కాదు. పిల్లలు తడబడితే పెదవి పళ్లకింద పెట్టుకుని కూర్చునేది. ఎంతసేపైనా సరే. పిల్లలకి ఆ ఎదురుచూపు అలవాటు లేదు, బిక్కముఖాలు వేసుకుని చూసేవాళ్లు. "టీచరుగారు ఇదివరకులా చెప్పట్లేదండీ, ఉత్తినే కూర్చోబెడుతున్నారు," అని తల్లులు నా కొట్లో బట్టలిస్తూ గొణిగేవాళ్లు. ఆ ఏడు ఇద్దరు తప్పారు. ఆ పైఏడుకి వదిన చాపలు చుట్టి మంచం కిందికి తోసేసింది.

మాటలు నేర్పే అమ్మాయి వారంవారం ఇంటికొచ్చేది. ఆయన వెతుక్కుంటుంటే తొందరపడి అందించకండి, కాస్త ఆగండి అని చెప్పింది. ఎవరికి చెబుతోందో ఆ అమ్మాయికేం తెలుసు! వదిన ఆ కాస్తని కొండంత చేసుకుంది. ఒకరోజు నేను వెళ్లేసరికి అన్నయ్య నీళ్ల కోసం అల్లాడుతున్నాడు. చెయ్యి ఎత్తుతాడు, దింపుతాడు, "అది, అది, తలుపు," అంటాడు. ఎదురుగా వదిన నీళ్లగ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. అయినా నోరు విప్పదు, గ్లాసు ఇవ్వదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీళ్లా అని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోతుంది? అప్పుడు అక్కర్లేకపోయినా అందించావు, ఇప్పుడు గొంతెండిపోతున్నా అందించవు. మా అన్నయ్య నీకు మనిషా, పలకా?" గోడకి కాదు, మనిషికే చెప్పాను. గ్లాసు లాక్కుని అన్నయ్యకి పట్టాను.

ఇక లాభం లేదనుకున్నాను. ఇంటికెళ్లి వెనకగది ఖాళీ చేయించి, మంచం వేయించి, రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వచ్చాను. అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. నేను కింద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను.

"అన్నయ్యా, నాతో వచ్చెయ్యి. మా ఇంట్లో ఉందువుగాని. నేను చూసుకుంటాను. వస్తావా?"

అన్నయ్య నావైపు చూడలేదు. ఎవరేం అడిగినా ఇప్పటికీ చూసే చోటికే చూశాడు, వదిన పెదవుల వంక. వదిన గబుక్కున వెనక్కి తిరిగి, గోడకేసి నిలబడింది.

"వస్తా," అన్నాడు అన్నయ్య. స్పష్టంగా అన్నాడు, చాలా రోజుల తర్వాత. "వస్తా. వస్తా."

"విన్నావుగా!" అన్నాను వదినతో. గెలిచినట్టనిపించింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. కాపురం చేసిన మనిషిని ఒక్క మాటతో వదిలేసుకున్నాడే అని ఎక్కడో కలుక్కుమంది కూడా.

వదిన గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. అటక మీంచి బ్యాగు దింపి, దుమ్ము దులిపి, అన్నయ్య ఎదుట మంచమ్మీద పెట్టి సర్దడం మొదలుపెట్టింది. నేను ఉతికిచ్చిన చొక్కాలు, లుంగీలు, మందుల డబ్బా, దువ్వెన. ఒక చొక్కా పెట్టింది. అన్నయ్య ముందుకి వంగి, ఎడమచేత్తో ఆ చొక్కా తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. వదిన ఇంకోటి పెట్టింది. అదీ తీశాడు. మందుల డబ్బా పెడితే అదీ తీసి చంకలో ఇరికించుకున్నాడు.

"అదేంటన్నయ్యా, వస్తానన్నావుగా?"

"వస్తా!" అన్నాడు నామీద కసురుకుంటూ. బ్యాగు పట్టుకుని కిందికి తోసేశాడు. "వస్తా! వస్తా!" ఒళ్లోని బట్టల్ని రెండు చేతుల్తో, ఆ రాని కుడిచేత్తో కూడా, గట్టిగా పొట్టకి హత్తుకున్నాడు. కళ్లు ఎర్రగా అయ్యాయి.

"వదినా, ఏంటిది?" అన్నాను.

వదిన నేలమీది బ్యాగు తీసి పక్కన పెట్టింది. "ఈమధ్య మాట ఒక్కోసారి తలకిందులుగా వస్తోంది. చాలు అంటే ఇంకా కావాలని. వస్తా అంటే..." అని ఆగింది.

"అంటే రానని! నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసుండి బట్టలు సర్దావా? నేను తీసుకెళ్లిపోయుంటే? నేనడిగినప్పుడు ఒక్క మాట చెప్పకూడదూ, రానంటున్నాడని?"

వదిన అన్నయ్య ఒళ్లోంచి జారిపోతున్న చొక్కా అంచు సర్ది, ఆయన కుర్చీ పక్కనే కింద కూర్చుంది.

"ఆయన బదులు ఒకసారి చెప్పాను కదా, టపాకాయ్," అంది.